మద్దిలేటి కదలకుండా నిలబడిన రాత్రి

నా పేరు నూర్ మహమ్మద్. అనంతపురం పాతూరులో నాకొక ఫోటో స్టూడియో ఉండాది. స్టూడియో అంటే ఏదో మేడ అనుకోవద్దండి. ముందర ఒక గది, వెనక ఒక చీకటి గది, గోడకు కొండలు చెట్లు గీసిన పరదా, రెండు కుర్చీలు. పెండ్లి జంటలు, బడి పిల్లోళ్లు, పోయేముందు ఒక్క ఫోటో అయినా ఉండాలని కొడుకులు ఎత్తుకొచ్చే ముసలోళ్లు, వీళ్లే నాకు గిరాకీ. అది కడుపు కోసం చేసే పని. నాకు ప్రాణం మాత్రం రాత్రి నాటకాలు.

ఇప్పుడు బెంగళూరు నుంచి వచ్చే పిల్లోళ్లు బల్బు వెలిగించి టక్కుమని తీసేసి పోతాండారు. వాళ్లకేం తెలుసు? మా పల్లెల్లో స్టేజీకి అటొకటి ఇటొకటి పెట్రమాక్సు లైట్లు కట్టింటారు. ఆ వెలుతురు మనిషి కంటికి చాలు, కెమెరాకు చాలదు. కెమెరా కంటికి ఉండే మూత తీసి ఎనిమిది దాకా లెక్కపెట్టాల. అంతసేపూ వేషగాడు కదలకూడదు. కదిలినాడా, మొగం ఉండాల్సిన చోట పొగ ఉంటాది. అందుకని పద్యం అయిపోయి జనం ఈలలేసేటప్పుడు నేను చెయ్యెత్తి "కదలొద్దు!" అని అరిచేవాణ్ణి. లెక్క అయినాక మూత పెట్టి "అయిపాయె, కదలప్పా" అనేవాణ్ణి. ఆ మాట వినపడేదాకా ఎవడూ రెప్ప కొట్టడు. చుట్టుపక్కల వేషం కట్టే ప్రతివాడికీ ఈ పద్ధతి నేర్పింది నేనే. ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

అరవై ఐదో సంవత్సరం మాట ఇది. వానల్లేవు. శింగనమల చెరువు ఎండిపోయి నడిమధ్యలో మేకలు తిరుగుతాండేవి. ఆ పక్కనే ఒక ఊరు. పేరు చెప్పను, ఆ ఊరోళ్లకు నా మీద ఇప్పటికీ కోపం పోలేదు. వాన కోసం నాటకం ఆడించాలని అనుకున్నారు వాళ్లు. పొద్దు మునిగినాక మొదలుపెట్టి తెల్లారేదాకా ఆడాల. మధ్యలో తెర దించితే ఆ ఏడు ఇంక చుక్క కూడా పడదని వాళ్ల నమ్మకం.

రాజు వేషం ఆ ఊరి మద్దిలేటిది. మద్దిలేటి పెండ్లాం రామక్క నన్ను అన్నా అంటాది, అందుకని వాడు నాకు బావ, నేను వాడికి బావ. కులం మతం అడిగినోడు లేడు. ఇరవై ఏండ్ల స్నేహం మాది. ఒకప్పుడు వాడు గొంతు విప్పితే పక్కూరోళ్లు నిద్ర లేచి కూర్చునేవాళ్లు. ఆ గొంతులోకే క్షయ దిగింది. దగ్గితే గుడ్డ నిండా నెత్తురు. ఇంకొక్క రాత్రి పాడినావంటే పోతావని డాక్టరు మొగం మీదే చెప్పేసినాడు.

"బావా, ముప్పై ఏండ్లుగా కిరీటం పెట్టుకుంటాండా. నా వేషం ఫోటో ఒక్కటీ లేదు. ఈ ఒక్క రాత్రి పాడతా. నువ్వొచ్చి తీయి" అన్నాడు.

నిజమే, లేదు. నేను తీసినవన్నీ పొగే. వేషం కడితే వాడికి ఒళ్లు నిలిచేది కాదు.

బయలుదేరేముందు రామక్క నన్ను గడప దగ్గరికి పిలిచింది. "అన్నా, ఈయన నా మాట ఇనేది లేదు. నువ్వు ఎదురుగ్గా ఉంటావు కదా. దగ్గు ఎక్కువైతే నాటకం గీటకం సూడొద్దు. తెర పీకేసి ఇంటికి తోలుకొని రా. మనిషిని నీ చేతిలో పెడతాండా."

"నేనుండా కదమ్మా. తోలుకొని వస్తా" అన్నాను.

స్టేజీ దగ్గర ఊరిపెద్ద నాగప్ప అడ్డం వచ్చినాడు. "ఏమప్పా సాబూ, ఫోటోకు వెలుతురని కాలుస్తారే, ఆ మెరుపు పొడి మాత్రం ఈడ కాల్చొద్దు. వానకు ముందే మనం మెరుపు పుట్టిస్తే మబ్బు బెదిరి పోతాది." సరే అన్నాను. అంటే పెట్రమాక్సు వెలుతురే గతి.

జనం మూడు నాలుగు వందల మంది ఉంటారు. కిరసనాయిలు వాసన, చెమట వాసన, వేషగాళ్లు మొగాలకు పూసుకున్న అర్దళం రంగు వాసన. రాత్రయినా నేల వేడి తగ్గలేదు. గాలి కూడా వేడిగానే కొడతాంది. ఫోటో పడే గాజు ప్లేట్లు మొదటి మూడూ చెడిపోయినాయి. నాలుగో ఐదో లెక్కలో ఉండంగానే మద్దిలేటికి దగ్గు తెర వచ్చేది. చెంగుతో నోరు తుడుచుకొని నా పక్క చూసి తలకాయ అడ్డంగా ఊపేవాడు. పాపం, వాడికి నాకంటే ఎక్కువ బాధ.

నడిరేయి అయింది. పెద్ద పద్యం అయిపోయింది. నేను స్టేజీ కిందికి పోయి మెల్లగా చెప్పినాను.

"బావా, ఊపిరి నిండా పీల్చుకొని బిగబట్టు. నేను చెప్పేదాకా వదలొద్దు."

నవ్వినాడు. "నువ్వు చెప్పేదాకా వదలను, పో."

కత్తి ఎత్తి, రొమ్ము నిండా గాలి పట్టి నిలబడినాడు. మూత తీసినాను. ఒకటి... రెండు... మూడు... ఆరు దగ్గర ఎడమపక్క పెట్రమాక్సు గాలి తగ్గి ఎర్రబడింది. వెలుతురు సగమై పోయింది. అక్కడ మూత పెట్టేసి ఉంటే సరిపోయేది. నేను పెట్టలేదు. ముప్పై ఏండ్లకు వాడు మొదటిసారి కదలకుండా నిలబడినాడు కదా, ఈ అవకాశం మళ్లీ రాదు కదా అనుకున్నాను. అట్లే ఉండమని చెయ్యి చూపించినాను. పది... ఇరవై... వాడి కండ్లు నన్నే చూస్తాండాయి. మెడ నరాలు తేలినాయి. చాలు బావా అని ఆ కండ్లు అడుగుతాండాయి. నాకు తెలుసు. ముప్పై... నలభై...

గాలి ఒక్క విసురు విసిరింది. రెండు లైట్లూ పోయినాయి.

చీకట్లో తడుముకొని మూత పెట్టినాను. జనం కేకలు, పిల్లల ఏడుపులు. ఎవడో కెమెరా స్టాండుకు తగిలితే అది పడకుండా రెండు చేతులా పట్టుకున్నాను. అప్పుడు స్టేజీ మీద ఒక చప్పుడు వినపడింది. దగ్గు మొదలయి... సగంలో ఆగిపోయినట్టు.

లైట్లు వెలిగించేటప్పటికి మద్దిలేటి కత్తి ఎత్తి అట్లే ఉండాడు. హార్మోనియం వాయించే రంగన్న మెట్ల మీద చెయ్యి వేసినాడు. మద్దిలేటి పాట ఎత్తుకున్నాడు. ఏం పాడినాడండీ! ఇరవై ఏండ్లలో అట్లాంటి గొంతు నేను వినలేదు. దగ్గు లేదు. ఆయాసం లేదు. నా కడుపు చల్లబడింది. రామక్కకు మనిషిని బాగా అప్పజెప్తాను అనుకున్నాను. ఎంత పిచ్చోణ్ణి!

ఒక గంట పోయినాక చూసినాను. పెట్రమాక్సు చుట్టూ పురుగులు తిరుగుతాండాయి. నాలుగైదు వాడి మొగం మీద వాలినాయి. ఒకటి పాకుతా పోయి తెరిచిన కంటి మీద కూర్చుంది. వాడు రెప్ప కొట్టలేదు.

స్టేజీ అంచుకు పోయినాను. వాడి మొగం ముందర రంగుకాగితాల తోరణం ఒకటి వేలాడతాంది. గాలి పూర్తిగా నిలిచిపోయింది అప్పటికి. ఊరు మొత్తం వినపడేటట్టు పాడతాండాడు... ఆ కాగితం కదల్లేదు.

"బావా... బాగుండావా?" అన్నాను.

నా పక్క తిరగలేదు.

నాగప్ప దగ్గరికి ఉరికినాను. "తెర దించప్పా. దండం పెడతా, దించు."

"పిచ్చి పట్టిందా సాబూ?" అని గుసగుసగా కసిరినాడు. "తూరుపు పక్క సూడు."

నిజంగానే మబ్బు పట్టింది. జనమంతా తలలెత్తి దాన్నే చూస్తాండారు. తెర పీకేస్తే నన్ను అక్కడే పాతిపెట్టేవాళ్లు. భయపడినాను. సిగ్గులేకుండా ఇంకొక మాట కూడా చెప్తాను... కెమెరా దగ్గరికి పోయి ఇంకా మూడు ప్లేట్లు తీసినాను. ఆడేటోళ్లకు చెప్పకుండా, మద్దిలేటితో సహా అందరూ గంతులేస్తాండంగానే. ఎందుకో నాకే తెలీదు.

తెల్లారింది. మబ్బు చెదిరిపోయింది. ఒక్క చుక్క పడలేదు. హారతి ఇచ్చినాక మద్దిలేటి తెర వెనక్కి పోయినాడు. వెనకాలే పోయినాను. చాటున నిలబడి ఉండాడు. కత్తి ఎత్తి, రొమ్ము ఉబ్బించి.

"బావా, పద. ఇంటికి పోదాం" అని భుజం మీద చెయ్యి వేసినాను.

నిలువునా పడిపోయినాడు. దూలం పడినట్టు చప్పుడయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండాది.

నాగప్ప వచ్చి ముట్టుకొని చూసినాడు. చెయ్యి వంచబోతే వంగలేదు. "ఇప్పుడు పోయిన మనిషి కాదప్పా ఇది. నడిరేయే పోయిండాడు."

"మరి పాడింది ఎవరు?" అన్నాడు రంగన్న. రంగన్న ఆ మూలకు పోయి వాంతి చేసుకున్నాడు.

రామక్క ఏడవలేదు. నా మొగం చూసి, "తోలుకొని వస్తానంటివి కదన్నా" అన్నది. అంతే.

మర్నాడు చీకటి గదిలో ప్లేట్లు కడిగినాను. ఎర్రలైటు కింద ఒక్కొక్కటే తేలుతాంది. నాలుగో ప్లేటులో మద్దిలేటి బ్రహ్మాండంగా వచ్చినాడు. తర్వాతి మూడూ చూసినాను. మంత్రి పొగ, భటులు పొగ, రంగన్న చేతులు పొగ. రాజు ఒక్కడు మాత్రం మీసం వెంట్రుకతో సహా తేటగా ఉండాడు. గంతులేస్తాండంగా తీసినవి అవి. నా కండ్లతో చూసినాను. ప్లేటు మీద మాత్రం గంతు లేదు. కత్తి ఎత్తి, ఊపిరి బిగబట్టి, నా పక్కే చూస్తా నిలబడి ఉండాడు. మూడింట్లోనూ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి లైట్లు పోయిన గొడవలో నేను వాడికి "అయిపాయె" అని చెప్పలేదు.

పదకొండో రోజు రంగన్న స్టూడియోకి వచ్చినాడు. "రామక్క రమ్మంటాంది. ఆ యమ్మ వాలకం బాగలేదన్నా."

పోయేటప్పటికి పొద్దు వాలింది. ఒంటిగది ఇల్లు, కిటికీ కూడా లేదు. రంగన్న వీధి మొదట్లోనే నిలిచిపోయినాడు. రామక్క లోపల గోడకు ఆనుకొని ఉండాది. నన్ను గడప దాటి రావద్దని చెయ్యి చూపించింది.

"అన్నా, ఆయన ఇంటికొచ్చినాడు" అన్నది మెల్లగా.

"యాడమ్మా?"

"నీ పక్కనే. గడప అవతల నిలబడుకున్నాడు. మట్టిచేసొచ్చిన రాత్రి నుంచి. రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. కడుపు తరుక్కుపోతాందన్నా. రొమ్ము అట్లే ఉబ్బిండాది. నీ మాట కోసం సూస్తాండాడు. చెప్పు. పోనీ ఆ మనిషిని."

నాకేం కనపడలేదు. అర్దళం వాసన మాత్రం వచ్చింది. చెప్పాల్సింది నేనే కదా. చెప్తే వాడికి విముక్తి, ఆమెకు నిద్ర. అంతే అనుకున్నాను.

"అయిపాయె బావా" అన్నాను. మళ్లీ అన్నాను. "అయిపాయె. కదలప్పా."

ఏమీ లేదు... కుక్క కూడా అరవలేదు.

తర్వాత నా చెవి పక్కన ఎవరో ఊపిరి వదిలినారు. పొడుగ్గా... చల్లగా... అది అయిపోతుందని నేను నిలబడే ఉండాను. అయిపోలేదు. గడప కిర్రుమన్నది.

"అన్నా..." లోపల రామక్క గొంతు. "కదిలినాడు."

నేను ఒక అడుగు వెనక్కి వేసినాను.

"అన్నా... లోపలికి వస్తాండాడు... పొమ్మని చెప్పన్నా... పొమ్మను..."

నోరు తెరిచినాను. మాట రాలేదు. తలుపు దానంతటదే మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు.

తలుపు బద్దలు కొట్టాల్సింది. ఊరిని కేకేయాల్సింది. నేను పరిగెత్తినాను. చెప్పులు కూడా అక్కడే వదిలేసి, రంగన్నను దాటుకొని, నాగప్ప ఇంటి వసారాలో పోయి పడినాను. రాత్రంతా అక్కడే ఉండాను. ఇద్దరినీ నేనే చంపుకున్నానని ఏడ్చినాను.

తెల్లారినాక నాగప్ప, రంగన్న, నేను పోయినాము. పిలిచినాము. పలకలేదు. గొడ్డలితో తలుపు పగలగొట్టినాము. గడియ లోపల వేసింది వేసినట్టే ఉండాది. లోపల మనిషి లేదు.

ఊళ్లో ఉండే బావులన్నీ ఎండినవే. అన్నింట్లోకీ మనుషుల్ని దించి వెతికించినాడు నాగప్ప. యాడా దొరకలేదు. ఈ పొద్దుటికీ దొరకలేదు.

ఆ గదిలో చూసింది మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాండా. పొయ్యిలో నిప్పు లేదు. బూడిదలో నాగప్ప చెయ్యి పెట్టి చూసినాడు, చల్లగా ఉండాది. పొయ్యి ముందర మూడు కంచాలు వేసిండాయి. రెండింట్లో తిన్నారు. అంచున కొరికిన ఉల్లిగడ్డలు కూడా ఉండాయి. మూడో కంచంలో సంగటి ముద్ద ముట్టుకోకుండా ఉండాది. దాంట్లో ఉల్లిగడ్డ లేదు. నేను ఉల్లిగడ్డ తిననని ఆ ఊళ్లో తెలిసింది రామక్కకు, మద్దిలేటికే.

ముద్ద మీద పొగలు లేస్తాండాయి.