టీచరమ్మ నేర్చుకున్నది

సాయంత్రం ఐదున్నర. పొద్దుటి నుంచీ సన్నగా జల్లు పడుతూనే ఉంది. అమ్మాయిని గొడుగులోకి లాక్కుని ట్యూషన్‌కి బయల్దేరాను.

టీచరమ్మ ఉండేది పక్క వీధిలో, మేడ మీద గదిలో. ఒకసారికి ఒక్క పిల్లనే తీసుకుంటుంది. చేర్పించిన రోజే చెప్పింది.

"నేను పాఠం చెప్పనండీ. ఏమీ రానిదానిలా కూర్చుంటాను. మీ అమ్మాయే నాకు నేర్పాలి. నాకు వచ్చేదాకా వదలకూడదు. మీరు మాత్రం బయటే ఉండాలి."

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వారు. "అయితే పరీక్ష ఆవిడ రాస్తుందా, ఇది రాస్తుందా?"

నెల తిరిగేసరికి దానికి లెక్కలు మంచినీళ్ళు తాగినంత తేలికయ్యాయి. ఆ నెల ఫీజు ఆయనే తీసి ఇచ్చారు.

ఆ తర్వాత ఒక ఉదయం అమ్మాయి దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమే, బడికి వేళవుతోంది. జడ వేసుకోవూ?"

"అది టీచరమ్మకి నేర్పేశానుగా అమ్మా."

"నేర్పితే?"

"ఇంక నాకు రాదు."

బద్ధకం అనుకున్నాను. విసుక్కుంటూ నేనే జడ వేసి పంపాను.

ఇవాళ దాన్ని లోపలికి పంపి, తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాను. తడిసిన సున్నం వాసన. కింద ఎక్కడో రేకు మీద చుక్కలు. చీకటి పడుతుండగా కరెంటు పోయింది. లోపల మాటలు ఆగలేదు.

"దెబ్బ తగిలితే ఎలా ఏడుస్తావు?" టీచరమ్మ గొంతు, గుసగుసగా.

మా అమ్మాయి ఏడ్చి చూపించింది. టీచరమ్మ కూడా ఏడ్చింది.

"అలా కాదు, మొద్దూ. ముందు పెదవి బిగపట్టాలి. తర్వాత ముక్కు ఎగబీల్చాలి."

మొద్దు అనే మాట దానికి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

మళ్ళీ ఏడుపు. మళ్ళీ... బెంచీ మీంచి లేచాను. అది మా అమ్మాయి ఏడుపే. కానీ ఆ ఏడుపు మీదే మా అమ్మాయి మాట కూడా వినబడింది.

"ఆఁ. ఇప్పుడొచ్చింది."

"ఇంకేం మిగిలింది?"

"ఏం లేదు."

"ఉంది. బయట కూర్చుందే, ఆవిణ్ణి ఏమని పిలుస్తావు?"

తలుపు నెట్టాను.

టీచరమ్మ లేదు. కిటికీలోంచి పడే మసక వెలుతురులో రెండు కుర్చీలు. ఎదురెదురుగా ఇద్దరు ఆడపిల్లలు. ఒకే ఎత్తు. ఒకే గౌను. ఒకే మొహం...

"అమ్మా," అంది ఒకతె. చేతులు చాచింది. పెదవి బిగపట్టింది. ముక్కు ఎగబీల్చింది.

రెండోది కదల్లేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు నన్ను చూసింది.

నేను ఆలోచించలేదు. ఏ తల్లి ఆలోచిస్తుంది? పిలిచినదాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను.

ఇంటికొచ్చాక తువ్వాలు తెచ్చి తల తుడిచాను. జడ ఊడిపోయింది. అది నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది. అద్దం కూడా చూడకుండా, చకచకా జడ వేసేసుకుంది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

జడ మొదలు, నేర్పిందల్లా పోయింది కదా. అన్నీ వచ్చిన పిల్ల నాది కాదు. నన్ను గుర్తుపట్టనిదే నాది.

మళ్ళీ పరుగెత్తాను. గది బార్లా తెరిచి ఉంది. కుర్చీలు కూడా లేవు. వీధులన్నీ వెతికాను. తిరిగొచ్చి గడప దగ్గర కూలబడి, తలుపు తీసే ఉంచాను.

"వానలో ఎవరి కోసమే ఈ వెతుకులాట?" అన్నారు ఆయన, ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి. "పిల్ల ఇంట్లోనే ఉందిగా. మతి గానీ పోయిందా?"

ఇప్పుడూ గడప దగ్గరే ఉన్నాను. కరెంటు వచ్చింది. ఇంట్లో ఉన్న పిల్ల వచ్చి నా ఎదురుగా పీట వేసుకుంది. మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా.

"నువ్వు వెతికే ఆ పిల్ల పుట్టినప్పుడు ఎలా ఉండేదమ్మా?"

నేను వీధి వైపే చూస్తున్నాను.

"నాకేమీ తెలీదు. నువ్వే చెప్పాలి."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నా పిల్ల గురించి అడిగితే నోరు ఆగలేదు... గుప్పెడంత ఉండేదన్నాను. నా వేలు పట్టుకుంటే వదిలేది కాదన్నాను. నిద్రలో నవ్వేదన్నాను...

"ఊఁ. తర్వాత?"

చెప్పాను...

"తర్వాత?"

"ఏం లేదు," అన్నాను.

వాన పెద్దదైంది. వీధి లైటు కింద ఎవరి పిల్లో నిలబడి ఉంది. తడిసి ముద్దయింది. మా గుమ్మం వైపే చూస్తోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. పాపం, పిలవడం కూడా రానట్టుంది. ఇంత వానలో వదిలేసింది, ఏం తల్లో.

"చలేస్తోందమ్మా, తలుపెయ్యవూ," అంది నా కూతురు.

గడియ పెట్టాను. పడుకునే ముందు లెక్క చూసుకోవడం నాకు అలవాటు.

ఆయన వచ్చారు. నేను వచ్చాను. పిల్ల వచ్చింది.

అందరం క్షేమంగా ఇల్లు చేరాం.