అగడ్తకి అడుగు లేదన్నారు

హార్న్‌వుడ్ కోట అగడ్త పేరెత్తితే చాలు, మీసాలున్న మగాళ్లు కూడా గుండెల మీద శిలువ గుర్తు వేసుకునేవాళ్లట. దానికి అడుగే లేదట. ఎప్పుడో మునిగి చచ్చిన పెళ్లికూతురు అందులోనే ఉందట... చీకటి పడితే కాళ్లు పట్టి లాగుతుందట. ఇన్ని ‘అట’ల్లో కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. దెయ్యానికి సాక్ష్యం ఎవడడుగుతాడు లెండి!

ఆ ఏడు ఈస్టరు ముందు ఉపవాసాల్లో, అగడ్త పూడిక తీసే డ్రూ కనబడకుండా పోయాడు.

“పెళ్లికూతురు పట్టుకుపోయింది,” అన్నాడు కోట పెత్తందారు ఫుల్క్. దొర ఫ్రాన్సు యుద్ధానికి పోయాక ఊళ్లో వాడు ఆడింది ఆట, పాడింది పాట. “అడుగులేని నీళ్లలో ఎక్కడని వెతికేది?”

శవం లేనిదే చావుగంట కొట్టనన్నాడు పాదిరి. డ్రూ పెళ్లాం అవిస్ తొమ్మిది రోజులు గుమ్మంలోనే కూర్చుంది. రాత్రయితే అగడ్త వైపు నుంచి మూలుగు... సన్నగా... ఆడదాని ఏడుపులా. ఊరు తలుపులు బిగించుకుంది.

పదో రాత్రి అవిస్‌కి తిక్క రేగింది.

“ఎక్కడికే పిల్లా?” పక్కింటి ముసలి సిబిల్ చెయ్యి పట్టుకుంది.

“నా మొగుణ్ణి తెచ్చుకోడానికి. శవమైనా సరే.”

“దెయ్యం ఇస్తుందటే?”

“ఇవ్వకపోతే జుట్టు పట్టుకుని అడుగుతా!”

గట్టు మీద నిలబడింది. నీళ్లు నల్లగా ఉన్నాయి. కోటలోని మరుగుదొడ్లన్నీ దిగేది అందులోకే... కంపుకి ముక్కు మూసుకుంది.

“ఇందులో కాపురం ఉంటున్నావా? నీ ఓపిక్కి దండం తల్లీ,” అంది. నీళ్లలో కాలు పెట్టింది.

మోకాలు... తొడ... నడుము...

అంతే. కాలికి బురద తగిలింది!

ఇంకో నాలుగడుగులు వేసి కోటగోడ దాకా వచ్చింది. నడుము దాటలేదు. అవిస్‌కి ఒళ్లు మండిపోయింది. పూడిక తీయాల్సిన కూలీలతో ఫుల్క్ తన సొంత గాదె కట్టించుకుంటున్నాడని, దొర రాగానే చెప్పేస్తానని డ్రూ ఇంట్లో గొణగడం ఆమె విన్నదే. ఆ మాట ఇంకెక్కడ అన్నాడో, ఫుల్క్ చెవిన పడి ఉంటుంది!

అప్పుడు వినబడింది మూలుగు — సరిగ్గా తల పక్కనే.

కోటగోడలో, నీటికి మూరెడెత్తున, పాడుబడ్డ మరుగుదొడ్డి తూము. దానికి ఇనుప కమ్మీలు. అవిస్ చెవి ఆనించింది.

“...గోడమీది వానచుక్కలూ అయిపోయాయి... నీళ్లు... ఎవరైనా...”

“డ్రూ?”

“పారిపోవే... ఫుల్క్ చూశాడంటే నిన్నూ ఇందులోకే తోస్తాడు.”

కమ్మీలు పట్టుకుని బావురుమంది. కానీ పారిపోలేదు. నేరం కళ్లబడ్డవాళ్లు కేక పెట్టాలి, విన్నవాళ్లంతా చేతికందింది పట్టుకుని పరుగెత్తుకు రావాలి, రాకపోతే ఊరంతటికీ శిక్ష — తాతల నాటి కట్టుబాటు అది.

“రండ్రో! బతికున్న మనిషిని గోడలో పెట్టార్రో!”

దివిటీలతో, గొడ్డళ్లతో వచ్చారు... వచ్చి, గట్టు మీదే ఆగిపోయారు.

బురుజు మీంచి ఫుల్క్ అరిచాడు. “అది అవిస్ కాదు! పెళ్లికూతురే ఆ రూపంలో పిలుస్తోంది! దిగారో, చచ్చారే!”

ఎవరూ కదల్లేదు. అవిస్ చలికి గజగజా వణుకుతూ అటే చూస్తోంది. ఉన్నట్టుండి గట్టిగా తుమ్మింది.

“దెయ్యాలకి జలుబు చేస్తుందిట్రా, సన్నాసుల్లారా?” సిబిల్ గౌను పైకి దోపి నీళ్లలోకి దిగింది. ముసలిదానికి నడుము దాకా వచ్చాయి. అది చూసి కమ్మరి దిగాడు. వాడి వెనక ఇద్దరు... పదిమంది...

“వంతెన ఎత్తెయ్యండ్రా!” ఫుల్క్ గొంతు కీచుమంది.

గొలుసులు కిర్రుమన్నాయి. కోట వాకిటి వంతెన లేచింది. లేచి ఏం లాభం! ఊరు ఊరంతా, వాడు తీయించని పూడిక మీదే నడుచుకుంటూ, గోడ దగ్గరికి వచ్చేసింది.