గుమ్మం ముందు నీలవేణి

గూట్లో ఫోటో ఉంది. ఫోటో ముందు గాజు గ్లాసులో తెల్ల గులాబీలు ఉన్నాయి. పక్కన ఉండవలసిన ఆటపెట్టె లేదు.

దాని చార్జర్ కూడా లేదు.

సూళ్లూరుపేట ఎస్సై భానుప్రియ ఖాళీ సాకెట్ వైపు చూసింది. వెల ఎంత ఉంటుందని అడిగింది.

"ఎవరూ కొనరు మేడమ్," అన్నాడు జీవానందం.

అతను షార్ రాకెట్ కేంద్రంలో స్టాఫ్ బస్సు డ్రైవర్. ఒక్కగానొక్క కూతురు అబిగయీలు. పోయినేడు జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. నిన్న ఆ పిల్ల జ్ఞాపకార్థ కూడిక. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక భోజనాలకు లేచినప్పుడు చూస్తే గూట్లో పెట్టె లేదు.

అరచేతిలో ఇమిడే పాత గేమ్ అది. అబిగయీలు చెన్నైలో సెకండ్ హ్యాండ్ కొట్లో కొనుక్కుంది. అందులో నీలవేణి అనే అమ్మాయి గట్టు మీది నుంచి గట్టు మీదికి దూకుతూ పోతుంది. దారి మూసుకుపోయిన చోట నాట్యం చేస్తుంది. ఆడేవాళ్ళు తాళం తప్పకుండా బటన్లు నొక్కితే పీతగా మారుతుంది, చేపగా మారుతుంది, కొంగై ఎగురుతుంది. చివర సముద్రం ఒడ్డున ఒక కోట. కోటకు ఒక గుమ్మం. అక్కడ అన్నిటికన్నా పెద్ద నాట్యం చేయాలి.

ఆసుపత్రికి బయలుదేరిన రోజు అబిగయీలు ఆ గుమ్మం దాకా వచ్చి ఆపింది. తిరిగొచ్చాక ఆడతానని సేవ్ చేసి వెళ్ళింది.

"ఏడాదైంది మేడమ్," అన్నాడు జీవానందం. "పిల్ల ఆ గుమ్మం ముందరే నిలబడి ఉండాది. చీకట్లో. ఒక్కతే. నిన్న అందరి ముందరా దాటించాలనుకున్నా."

భానుప్రియ వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ మస్తానయ్య గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. స్టేషన్‌లో ఈ కంప్లైంట్ విని నవ్వినవాడు అతనే.

మొదట పిలిచింది రూఫస్‌ని. జీవానందం భార్య ఎలిశబెతుకు అన్న కొడుకు. బజారులో సెల్‌ఫోన్ రిపేరు షాపు.

"గుమ్మం దాటించాల్సింది నువ్వేనా?"

"నేనే మేడమ్. మామ అడిగినాడు. భోజనాలయ్యాక అనుకున్నాం."

"ఆ పెట్టెను పార్టులకి ఇమ్మని ఒకసారి అడిగావట?"

"అబి బతికి ఉన్నప్పుడు. ఎగతాళికి. చెప్పుతో కొడతానన్నింది."

రూఫస్ ఇంకో సంగతి చెప్పాడు. అందులో బ్యాటరీ పాతది. చార్జింగ్ లేకపోతే ఒక రోజు నిలవదు. పూర్తిగా దిగిపోతే సేవ్ చెరిగిపోతుంది. నీలవేణి మళ్ళీ మొదటి గట్టు దగ్గర ఉంటుంది. అబిగయీలు ఆడిన ఆట ఇక ఉండదు.

భానుప్రియ గడియారం చూసుకుంది. పెట్టె పోయింది నిన్న మధ్యాహ్నం. ఇప్పుడు ఉదయం పదిన్నర.

"ఆ చార్జర్ బయట దొరుకుతుందా?"

"అట్టాంటి పిన్ను ఇప్పుడు రాదు మేడమ్. చెన్నైలో కూడా దొరకలా."

అమ్ముకునేవాడు చార్జర్ కోసం గూట్లో తడుముకోడు. పెట్టె జేబులో వేసుకుని పోతాడు. దీన్ని తీసినవాళ్ళకు అది బతికి ఉండాలి. భానుప్రియ ఆ మాట పైకి అనలేదు.

తరువాత పాస్టరు టైటస్. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో వచ్చి వందనాలు చెప్పి కూర్చున్నాడు. నాట్యమాడే బొమ్మ క్రైస్తవుల ఇంట్లో తగదని తాను అన్న మాట నిజమేనని అడగకముందే ఒప్పుకున్నాడు. అబిగయీలు అప్పుడు నవ్విందట. బైబిల్లో దావీదు రాజు దేవుని ముందు నాట్యమాడలేదా అయ్యగారూ అని అడిగిందట.

"మీరేమన్నారు?"

"భోజనం వడ్డించమన్నాను."

"నిన్న ప్రార్థన ఎవరు చేశారు?"

"నేనే. పెద్ద ప్రార్థన. అప్పుడే పోయిందని జీవానందం అంటున్నాడు. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం కదా."

మస్తానయ్య ఆగలేకపోయాడు. "ఇంతమంది ఒక్కసారి కళ్ళు మూసుకుంటే దొంగకు అంతకన్నా ఏం గావాల మేడమ్," అన్నాడు.

టైటస్ అతని వైపు చూసి, కళ్ళు తెరిచి ప్రార్థించే సంఘం ఇంకా పుట్టలేదని మెల్లగా అన్నాడు.

ఎలిశబెతు టీ తెచ్చింది. బట్టలు కుడుతుంది. మూల గదిలో గుడ్డ కప్పిన కాలి మిషను కనిపిస్తోంది. చర్చిలో కంజీర కొట్టేది ఆమే. ఆ పెట్టె సంగతి తనకేమీ తెలియదంది. అందులో ఆట కూడా తనకు తెలియదంది.

"ఇంట్లో వినపడేది కదా?"

"వినపడేదమ్మా. సాయంకాలం ఆయన ముందుగదిలో దాని ముందు కూర్చుంటాడు. నేను వంటింట్లో ఉంటాను." అంతే చెప్పి ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

భానుప్రియ రూఫస్‌ని మళ్ళీ పిలిచింది. దాని సౌండ్ తగ్గించవచ్చా అని అడిగింది.

"లేదు మేడమ్. ఆ బటన్ ఎప్పుడో ఊడిపోయింది. చార్జర్ లాగితే చాలు, తెర వెలిగి గజ్జెలు మోగుతాయి. వీధి దాకా వినపడతాయి."

"ప్రార్థనలో మోగాయా?"

రూఫస్ లేదన్నట్టు తల ఊపాడు. ఆ సంగతి అతనికి ఇంతవరకూ తట్టలేదు.

రైలు చప్పుడులో కలిసిపోయి ఉంటుందని మస్తానయ్య అన్నాడు. ఇంటి వెనకే పట్టాలు. భానుప్రియ రైల్వే స్టేషన్‌కు ఫోన్ చేసింది. నిన్న ఆ వేళకు రావలసిన బండి ఆలస్యమైంది. ప్రార్థన జరిగినంతసేపూ ఆ పట్టాల మీద ఏదీ పోలేదు.

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది. నిన్న కూడికలో ఏది తరువాత ఏది జరిగిందో మొదటి నుంచి చెప్పమని రూఫస్‌ని అడిగింది. ఒక పాట. వాక్యం. రెండో పాట. తరువాత ప్రార్థన. రెండో పాట అబికి ఇష్టమైనది. అప్పుడు గూటి పక్కనే కూర్చున్న అత్త కంజీర తీసుకుందని, అది చూసి ఆడవాళ్ళందరూ ఏడ్చారని చెప్పాడు. అబి పోయాక ఆమె కంజీర ముట్టలేదు.

"బాగా కొట్టిందా?"

రూఫస్ తల దించుకున్నాడు. "లేదు మేడమ్. తాళం తప్పింది. మా అత్త తాళం తప్పడం నేనెప్పుడూ వినలా. ఏడుస్తా ఉంది కదా అనుకున్నా."

పావుగంటలో నలుగురూ ముందుగదిలో కూర్చున్నారు. మస్తానయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భానుప్రియ గూటి పక్కన నిలబడి మాట్లాడింది.

"మీరందరూ ప్రార్థనలో పోయిందన్నారు. కళ్ళు మూసుకున్నారు కాబట్టి. కానీ చెవులు మూసుకోలేదు. అంత నిశ్శబ్దంలో గజ్జెలు మోగితే ఎవరైనా వినేవారు. కాబట్టి పెట్టెను గూట్లోంచి తీసింది ప్రార్థనలో కాదు. అంతకుముందే. గజ్జెలు మోగినా గజ్జెలని తెలియని సమయంలో."

టైటస్ ముందుకు వంగాడు.

"పాస్టరు గారూ, ఆ రెండో పాటకు కంజీర వాడతారా?"

ఆయన ఒడిలో వేళ్ళతో మెల్లగా తాళం వేసి చూశాడు. "వాడరు. అది మెల్లగా పాడే పాట. ఆమెకు ఆదరణ కలిగిందని నేను దేవునికి స్తోత్రం చెప్పాను గానీ, ఆ సంగతి గమనించలేదు."

"కంజీరకు చుట్టూ ఇత్తడి బిళ్ళలుంటాయి. ఆ మోతలో ఈ మోత కలిసిపోయింది. ఒక చేత్తో చార్జర్ లాగుతూ ఇంకో చేత్తో కంజీర ఆడిస్తే తాళం తప్పుతుంది. మీరు కళ్ళు మూసుకున్నాక పెట్టె కొంగు చాటున లోపలికి వెళ్ళింది." ఆమె మూల గది వైపు తిరిగింది. "అక్కా, అది కాలితో తొక్కే మిషను. దాని పక్కన గోడకున్న స్విచ్ ఎందుకు వేసి ఉంది?"

ఎలిశబెతు లేచింది. మూల గదిలోకి వెళ్ళి మిషను మీది గుడ్డ తీసింది. కింద బట్టముక్కల బుట్టలో చెయ్యి పెట్టి చార్జర్ లాగింది. గజ్జెలు గల్లుమన్నాయి. ఇల్లంతా వినిపించాయి.

పెట్టె తెచ్చి భర్త ఒడిలో పెట్టింది. తెర మీద నీలవేణి మూసిన గుమ్మం ముందు నిలబడి ఉంది.

"ఎందుకు?" అన్నాడు జీవానందం.

"దాటితే ఏమవుతాది?"

"ఆట అయిపోతాది."

"అందుకే."

అతను తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. "నేను రోజూ ఆడతానే ఉన్నా కదా. అప్పుడెందుకు తియ్యలా?"

"నువ్వు దాటించలేవు," అంది ఎలిశబెతు. "రోజూ వింటానే ఉన్నా. అదే చోట తప్పుతావు. పాట తెగిపోతాది. అప్పుడు పొయ్యి ముందర కూర్చుని, ఈ పూటకి ఉండాది అనుకుంటా. ఏడాది అట్ట గడిచింది. రూఫస్ అయితే ఒక్కసారికే పంపించేస్తాడు."

రూఫస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూశాడు.

"ఒకతే నిలబడి ఉంటే నీకేం అనిపించదా?" అన్నాడు జీవానందం.

"అనిపిస్తాది. అయినా ఉంది కదా."

ఆ ఇంట్లో ఏడాది సాయంకాలాలన్నీ ఒక గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని గడిపారు. ఒకరు దాటించడానికి, ఒకరు దాటకుండా ఉండడానికి. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళతో ఆ మాట అనలేదు. ఇప్పుడు కూడా వాళ్ళ మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎలిశబెతు అందులో కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కంప్లైంట్ ఏం చేయమంటారని భానుప్రియ అడిగింది. జీవానందం వద్దని చేయి ఊపాడు. టైటస్ ఒక చిన్న ప్రార్థన చేస్తానన్నాడు. చేయలేక, జీవానందం భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచాడు. రూఫస్ వెనకాలే వెళ్ళాడు.

భానుప్రియ మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది. లోపల సంగీతం మొదలైంది. మెల్లగా మొదలై వేగం పుంజుకుంది. ఒకచోట తెగిపోయింది.

మస్తానయ్య జీపు దగ్గర నిలబడి వింటున్నాడు.

మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే చోట తెగింది. భానుప్రియ లేసు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మూడోసారి మొదలై, మూడోసారి తెగింది.

తరువాత వంటింట్లోంచి ఎలిశబెతు గొంతు వినిపించింది. బయటివాళ్ళ కోసం అన్న మాట కాదు. గోడకు అటువైపు ఉన్న మనిషికి అందితే చాలన్నంత మెల్లగా అంది.

"నాలుగోదానికి తొందర పడతా ఉండావు. కాస్త ఆగి నొక్కు."