వెయ్యి వాట్ల పెట్టె

మధ్యాహ్నం మూడయింది. తమ్ముడి గదిలో కిటికీ తెరలు వేసి ఉన్నాయి. బల్ల మీద వాడి కొత్త గేమింగ్ కంప్యూటర్ సగం బిగించి ఉంది. ఆరు నెలలుగా ఒక్కో భాగమే కొనుక్కుంటూ వచ్చాం. ఇక మిగిలింది పవర్ సప్లై ఒక్కటే. గోడలోంచి వచ్చే కరెంటును తగ్గించి లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనప పెట్టె అది.

పదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి నేను. అన్నీ లెక్కగట్టి, ఆరువందల యాభై వాట్లది చాలు గానీ ఈ మోడలే తేవాలి అని కాగితం మీద రాసి మరీ బావకిచ్చాను. బావంటే మా అక్క మొగుడు. ఆయనకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. అదే మా ఖర్మ.

"నువ్వు రాసింది తేలేదోయ్," అన్నాడు వస్తూనే. "దీని మీద వెయ్యి వాట్లని ఉంది చూడు. పట్టుకో, ఎంత బరువో!"

"లేబుల్ మీద లక్షని కూడా రాస్తారు బావా! పేరు గొప్ప, ఊరు దిబ్బ. బరువు కోసం లోపల ఇనపముక్క పెడతారు. షార్టయితే ఆపే ఏర్పాటే ఉండదు, మనిషి పోతాడు!"

"నువ్వూ నీ చాదస్తమూ. కంప్యూటర్ ఆన్ అయితే చాలదూ?"

అరికాలి మంట నెత్తికెక్కింది. బావను వంటింట్లోకి లాక్కెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. పెట్టెను మాత్రం బల్ల మీదే వదిలేశాను. ఆ తప్పు నాదే. తమ్ముడికి ఓపిక లేదని నాకు తెలుసు.

ఠప్‌మని చప్పుడు. ఇంట్లో కరెంటు పోయింది. మాడిన ప్లాస్టిక్ వాసన... దాని వెనకే కాలిన వెంట్రుకల వాసన.

పరిగెత్తాను. తమ్ముడు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. చెయ్యి పెట్టె మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. గోడలోంచి ప్లగ్ పీకేసి, వాణ్ణి మంచం మీదికి చేర్చాం. గుండెల మీద చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది.

అప్పుడు వినబడింది. సన్నగా, జుయ్‌మని.

పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది.

ఎడమచెయ్యి వాడి గుండెల మీదే ఉంచి, మంచం పక్కనున్న బల్ల మీదికి వంగి, ఉన్న తీగలన్నీ పీకేశాను. అయినా తిరుగుతోంది... కోపంతో ఒళ్లు తెలియలేదు. నా తమ్ముణ్ణి ఇలా చేసి ఇంకా తిరుగుతావా అంటూ స్క్రూడ్రైవర్‌ను రెక్కల మధ్య గుచ్చాను.

ఫ్యాను ఆగింది.

నా ఎడమచేతి కింద వాడి గుండె... ఆగింది.

స్క్రూడ్రైవర్ లాగేశాను. ఫ్యాను కదిలింది. తమ్ముడి ఛాతీ పైకి లేచింది. నమ్మలేక మళ్లీ ఆపాను. ఎందుకు ఆపానో... వాడి పెదవులు నీలంగా మారాయి.

"వద్దు..." అన్నాడు బావ నా చెయ్యి పట్టుకుని లాగుతూ. "తియ్... తీసెయ్..."

డాక్టరు వచ్చి చూశాడు. షాక్ తగిలింది, ఊపిరి బాగానే ఉంది, లేస్తాడులే అన్నాడు. పెట్టె సంగతి ఆయనకు చెప్పలేదు. ఏమని చెప్పను?

ఇవాళ తొమ్మిదో రోజు. తమ్ముడు లేవలేదు. కదిపితే ఫ్యాను ఎక్కడ ఆగుతుందోనని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, ఇంట్లోనే సెలైన్ ఎక్కిస్తున్నారు. పెట్టె వాడి తలగడ పక్కనే ఉంది. పొద్దున బావ గుమ్మంలో నిలబడి, "ఈసారి నువ్వు రాసిందే తెచ్చాను... మార్చేద్దామా?" అన్నాడు మెల్లగా.

ఆయన చొక్కా పట్టుకున్నాను. "దేన్ని మారుస్తావు బావా? చెప్పు, దేన్ని?"

ఈ చవక ఫ్యాన్ల బేరింగులు ఎక్కువ కాలం రావు. మా షాపులో ఇలాంటివి వందలు పారేశాను. నిన్నటి నుంచి ఇదీ గరగరమంటోంది. ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది. వెయ్యాలంటే ఆపాలి.

ఇందాకటి నుంచి తమ్ముడి గొంతులోనూ అదే గరగర.