అందరి వాకిళ్ళలో విహంగాలు

పోషవిహంగమనే యంత్రపక్షి తలమీదుగా ఎగిరిపోయినా ఉప్పుమళ్ళలో పనిచేస్తున్న ఆడవాళ్ళు తలెత్తలేదు. ఆ తరానికి అవి కొత్త కాదు. పసిబిడ్డలందరి జబ్బలకూ కొలపట్టీలుంటాయి. జబ్బ ప్రమాదకరంగా చిక్కితే పట్టీ ఎర్రబడి కబురు పంపుతుంది. విహంగం మందుముద్దలు మోసుకొచ్చి ఆ ఇంటి వాకిట్లోనే దిగుతుంది. ఏరు దాటి, కూలి పోగొట్టుకుని, ఆస్పత్రి ముందు పడిగాపులు కాసే రోజులు పోయాయి.

అయినా పోలమ్మ కొడుకు చెంచయ్య చేతులు పుల్లలయ్యాయి. పాదాలు ఉబ్బాయి.

మంచినీళ్ళకని వచ్చిన పక్కింటి మస్తానమ్మ పిల్లవాడి పాదం వేలితో నొక్కి చూసింది. పడిన గుంట పూడలేదు.

"పట్టీ ఏది మే?"

పోలమ్మ చూరులోంచి తీసి చూపింది. "విప్పేసినానక్కా. ఆ పక్షి దిగితే పాలెమంతా చూస్తది. పోయినేడు సుబ్బులింట్లో దిగితే ఏమన్నారు? తల్లి తిని బిడ్డను మాడ్చిందన్లా? ఆ మాట పడలేకనే గదా ఆయమ్మ ఊరొదిలి పోయింది!"

అన్న నోళ్ళేవో మస్తానమ్మకు తెలుసు.

"రొంతసేపు ఓర్చుకో. నేను కేకేస్తా, అప్పుడు కట్టు" అని, గబగబా ఇంటింటికీ తిరిగింది.

ఆమె కేకెయ్యగానే పోలమ్మ పట్టీ కట్టింది. ప్రతి గడపలోనూ తల్లులు తమ బిడ్డల పట్టీలు విప్పి, తమ రెండు వేళ్ళకు బిగించుకున్నారు. పట్టీకి ఒంటి వెచ్చదనం తెలుసు, లావు తెలుసు. ఆ ఒళ్ళు ఎవరిదో తెలియదు. పాలెమంతా ఎర్రని వెలుగులు.

కాసేపటికి సముద్రం వైపునుంచి విహంగాలు బారులు తీరి వచ్చాయి. వాటి నీడలు తెల్లని ఉప్పుకుప్పల మీద ఈదాయి. ముసలివాళ్ళు చేతులు జోడించారు. పిల్లలు అరవడం కూడా మరిచి నోళ్ళు తెరిచారు. ఆకాశమే గుంపుగా దిగివచ్చి, ఒక్క వాకిలినీ వదలకుండా వాలింది.

పోలమ్మ పొట్లం చించి, ముద్ద కొడుకు నోట్లో పెట్టింది. చెంచయ్య చప్పరించాడు. మళ్ళీ నోరు తెరిచాడు.

మస్తానమ్మ తన వాకిట్లో దిగిన పొట్లాలను విప్పకుండానే విహంగంలో సర్దుతోంది. దూరపు కేంద్రం నుంచి వైద్యురాలి గొంతు అందులో పలికింది.

"అమ్మా, మీ పాలెంలో అందరూ ఇలాగే తిప్పి పంపుతున్నారు. అసలు ఎవరి బిడ్డకు బాగాలేదు?"

"మా పాలెం బిడ్డకమ్మా" అంది మస్తానమ్మ. "వాడు తేరుకునేదాకా ఇట్టనే అందరిళ్ళకీ పంపు తల్లీ."

అటునుంచి వైద్యురాలు ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

మరుసటి వారానికి చెంచయ్య పాదాల వాపు తీసింది. ఈసారి ఏ తల్లీ వేళ్ళకు పట్టీ బిగించలేదు. అయినా అన్ని వాకిళ్ళలోనూ విహంగాలు దిగాయి.