మూడో అంతస్తు బీరు

ఒమోడింగ్ స్నానాలగదిలో సీసాలు పేలాయి. ఒకటి పేలేసరికి పక్కదానికి కోపం వచ్చింది. దాన్ని చూసి ఆ పక్కదానికి వచ్చింది.

కంపాలాలో, బుకోటో వీధిలో, మూడో అంతస్తులో చిన్న వాటా అతనిది. స్నానాలగది నిండా బీరు డబ్బాలు, గొట్టాలు, సీసాలు. అందుకని వంటింట్లో స్నానం చేసేవాడు, స్నానాలగదిలో బీరు కాచేవాడు. ఉద్యోగం బీమా కంపెనీలో. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ప్రమాదాల గురించి చెప్పి జనాన్ని భయపెట్టేవాడు. ఇంటికొచ్చి సీసాల మూతలు మరీ గట్టిగా బిగించేవాడు.

కాసేపటికి తలుపు దబదబా మోగింది.

తీస్తే ఒకమ్మాయి. కొత్తగా అల్లించుకున్న జడల్లోంచి చుక్కలు కారుతున్నాయి. చేతిలో ఇస్త్రీ చేసిన తెల్లకోటు, దానిమీద పచ్చటి మరక.

"పైన ఉండేది మీరేనా?"

"అవునండీ."

"మా కప్పులోంచి కారుతున్నదేమిటి?"

క్షమించమని అడగాలని అతనికి తోచలేదు. "బీరండీ. నేనే కాచాను. చేదుకోసం జర్మనీ నుంచి పూలు తెప్పించి వేశాను. మొదట నారింజతొక్క తగులుతుంది. చివర్లో కాస్త మట్టివాసన."

ఆమె జడకొస ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మట్టి ఉంది. సున్నం కూడా ఉంది. అది మా కప్పుది."

"రుచి చూశారా?"

"ఆదివారం కదా అని నోరు తెరుచుకుని పడుకున్నాను. చూడక తప్పలేదు."

"ఎలా ఉంది?"

"లేచి కూర్చున్నాను."

ఆమె పేరు అజిలాంగ్. రెండో అంతస్తు. కళ్ళజోళ్ళ దుకాణంలో జనానికి కళ్ళు పరీక్ష చేస్తుంది. ఒమోడింగ్ ఆ కోటు ఉతికించి ఇచ్చాడు. దానితోపాటు ఒక సీసా కూడా ఇచ్చాడు. ఆ సీసాకు 'సంజెనీడ' అని పేరు రాసి అంటించాడు.

మర్నాడు సీసా ఖాళీగా తిరిగొచ్చింది. అతను పొంగిపోయాడు.

"మొత్తం తాగేశారా!"

"మా వంటింటి సింకు మూసుకుపోయింది. అందులో పోశాను. ఇప్పుడు బాగా పారుతోంది. ఇంకోటి ఉందా?"

ఇటువంటి మాట అతను అంతకుముందు వినలేదు. అతనికి స్నేహితులున్నారు. అందరూ ఇళ్ళల్లో బీరు కాచేవాళ్ళే. వారం వారం కలుసుకుని, గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, "లోతుంది" అనుకునేవాళ్ళు. ఒకడి లోతును ఇంకొకడు పొగిడేవాడు. పొగిడాక గాలికోసమని వసారాలోకి వెళ్ళేవాడు. వసారాలో కుండీలో రబ్బరు మొక్క ఉండేది. అది తాగి తాగి చచ్చిపోయింది.

ఆ తర్వాత ఆదివారం ఒమోడింగ్ సీసాలు ఎండబెట్టడానికి మిద్దెమీదికి వెళ్ళాడు. అక్కడ నల్లటి నీళ్ళ టాంకు నీడలో మనుషులు గుండ్రంగా కూచున్నారు. మధ్యలో కుండ. కుండలోంచి నలుదిక్కులా పొడుగాటి గొట్టాలు. భవనానికి కాపలా ఉండే ఒలుకా అందులో పెద్దమనిషి. అజిలాంగ్ కూడా ఒక గొట్టం పట్టుకుని ఉంది.

"రండి సారూ," అంది. "రాగుల బీరు. మా తేసో తెగవాళ్ళది."

"నేనూ తేసో వాణ్ణే."

"అవునా? ఏ ఊరు?"

"మా నాన్నది కుమి పక్కన. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే." కుండలోకి వంగి చూశాడు. "ఇది బీరా? బురదలా ఉందే."

అందరూ ఒక్కసారి అరిచారు. కుండలోకి వంగి చూడకూడదట. బెదిరిపోయి గొట్టం అందుకున్నాడు. మళ్ళీ అరిచారు. ఎడంచెయ్యి కూడదట. కుడిచేత్తో పట్టుకుని ఊదాడు. లోపల బుడబుడమంది.

"ఊదకు బాబూ!" అన్నాడు ఒలుకా నెత్తి పట్టుకుని. "పీల్చు. తల్లిపాలు తాగలేదా నువ్వు?"

"జర్మనీ పూల సంగతి తెలుసు పాపం," అంది అజిలాంగ్. "నాయనమ్మ కుండ సంగతి తెలీదు."

పీల్చాడు. వెచ్చగా, పుల్లగా, కాలిన రాగిరొట్టె వాసనతో గొంతులోకి దిగింది. నారింజతొక్క అందామనుకున్నాడు. మళ్ళీ పీల్చాడు.

"లోతుందా?" అని అడిగింది ఆమె.

"మాట్లాడించకండి."

అప్పుడే మెట్లమీద ఒక ముసలామె తల కనిపించింది. ఒలుకా గొట్టం లాక్కుని ఒక్క గంతులో నీళ్ళ టాంకు వెనక్కి పోయాడు. అంత లావు మనిషి అంత చురుగ్గా కదలగలడని ఎవరికీ తెలియదు.

"ఏమైంది? అప్పులావిడా?" అన్నాడు ఒమోడింగ్.

"వాళ్ళత్తగారు," అంది అజిలాంగ్ నవ్వుతూ. "అత్తా అల్లుడూ ఒక కుండలో తాగరు. ఎదురుపడి నిలబడరు. ఆవిడ వెళ్ళేదాకా బాబాయ్ కాపురం అక్కడే."

పెళ్ళయినవాళ్ళ గొడవలు మనకెందుకని ఒమోడింగ్ ఇంకోసారి పీల్చాడు.

ఆ రోజు నుంచి అతని బుద్ధి సీసాలమీద నిలవలేదు. కింది వాటా తలుపు చప్పుడైతే మెట్లమీదికి వచ్చేవాడు. చేతిలో చెత్తబుట్ట ఉండేది. అందులో చెత్త ఉండేది కాదు.

ఒకనాడు అజిలాంగే చెప్పింది. "వచ్చే నెల మా అమ్మ వస్తోంది, కళ్ళకు. కుమిలో రాగి బీరంటే అమ్మదే. ఎవరు కాచినా వంక పెడుతుంది. పోయినసారి ఒలుకా బాబాయ్ కుండ తాగి, బట్టలు ఉతుక్కోవడానికి పనికొస్తుందంది."

ఒమోడింగ్ ఆ రాత్రి ఒక నిశ్చయానికి వచ్చాడు. ఆవిడకు తానే కాచిపెట్టాలి. ఆవిడ తన కుండలో గొట్టం పెడితే కూతుర్నిమ్మని అడగాలి. పెట్టకపోతే నోరు మూసుకుని వాటా ఖాళీ చేసి పోవాలి. బీమావాడు కదా, రెండో దారి కూడా ఆలోచించిపెట్టుకున్నాడు.

"నేర్పుతారా?" అన్నాడు మర్నాడు.

"సీసాలో పోసి పేరు పెట్టనంటే నేర్పుతాను."

రాగిపిండి ముద్ద చేసి, మూతపెట్టి పులియనిచ్చారు. ఊళ్ళో అయితే గోతిలో పూడుస్తారు. ఇక్కడ గొయ్యి లేదు, పాత సూట్‌కేసు ఉంది. అందులో పెట్టి దుప్పట్లు కప్పారు. ఒమోడింగ్ గంటగంటకూ వేడి కొలిచే పుల్ల గుచ్చేవాడు. అజిలాంగ్ ఆ పుల్ల లాక్కుంది.

"దానికి జ్వరమా ఏమన్నానా?"

"తెలియాలి కదా, ఎంతవరకు వచ్చిందో."

"వాసన చెబుతుంది. ఇలా రా. వంగు. ఏమంటోంది?"

ఆమె చెంప అతని చెంపకు దగ్గరగా ఉంది. సూట్‌కేసు ఏమంటోందో అతనికి వినపడలేదు. ఆమె మీరు మాని నువ్వులోకి దిగింది మాత్రం వినపడింది.

పులిసిన ముద్దను మిద్దెమీద రేకుపై వేయించారు. కళ్ళనిండా పొగ. వేయించింది దుప్పటిమీద ఆరబోశారు. ఆరబోసీ ఆరబోయకముందే కంపాలా వాన ఉరుకుతూ వచ్చింది. చెరో రెండు కొసలూ పట్టుకుని పరుగెత్తారు. మెట్లగదిలో ఆగి చూస్తే ఇద్దరూ తడిసి ముద్దయ్యారు, రాగి మాత్రం పొడిగా ఉంది. ఆమె కనుబొమ మీద ఒక పలుకు అంటుకుంది. తీద్దామని చెయ్యి ఎత్తాడు.

"ఎడంచెయ్యి," అంది ఆమె.

చెయ్యి మార్చేలోపల ఆమె మెట్లు దిగిపోయింది.

తల్లి వచ్చిన రోజు ఒమోడింగ్ మెట్లమీద ఎదురెళ్ళి, వంగి, చెయ్యి చాచాడు. ఆవిడ అతన్ని ఒక్క చూపు చూసింది. వెంటనే ముఖం గోడవైపు తిప్పుకుని, అతను పైకి పోయేదాకా అలాగే నిలబడింది.

"మీ అమ్మకు నేను పడలేదు," అన్నాడు సాయంత్రం.

"కళ్ళు సరిగా ఆనవు కదా," అంది అజిలాంగ్. అంటూ ఎటో చూసింది.

ఆదివారం మిద్దెమీద కుండ పెట్టాడు. వేయించిన రాగిలో రాగి మొలకల పిండి కలిపి పులియబెట్టిన బీరులో వేణ్ణీళ్ళు పోశాడు. నురగ తేలింది. ఒలుకా వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు. ఒలుకా పీల్చి, కళ్ళు మూసుకోకుండానే, "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' విని ఒమోడింగ్ కళ్ళు చెమర్చాయి. స్నేహితులు ఇన్నాళ్ళు పొగిడినదంతా దానికి సరితూగదు.

తల్లి వచ్చింది. సంచిలోంచి సొంత గొట్టం తీసింది. కూచోబోతూ అడిగింది.

"ఈ కుండ ఎవరిది?"

"అతనిదమ్మా," అంది అజిలాంగ్.

ఆవిడ గొట్టాన్ని మళ్ళీ సంచిలో పెట్టేసింది. లేచింది. ఎవరితో మాట్లాడకుండా నీళ్ళ టాంకు వెనక్కి పోయి, అక్కడ బోర్లించిన బకెట్టుమీద కూచుంది.

ఒమోడింగ్ వేణ్ణీళ్ళ కెటిల్ కింద పెట్టేశాడు. మెట్లగదిలోకి పోయాడు. అజిలాంగ్ వెనకే వచ్చింది.

"ఎక్కడికి?"

"వాటా ఖాళీ చేస్తాను. వాసనకే లేచిపోయింది మీ అమ్మ. ఒక్క గుటక వేసి ఉమ్మేసినా ఇంత బాధపడేవాణ్ణి కాదు."

"ఆ రోజు ఒలుకా బాబాయ్ టాంకు వెనక్కి ఎందుకెళ్ళాడు?"

"వాళ్ళత్తగారు వచ్చిందని. ఇప్పుడు ఆ గొడవ ఎందుకు?"

అతను ఒక మెట్టు దిగాడు. ఆగాడు. దిగిన మెట్టు మళ్ళీ ఎక్కాడు.

"నేనింకా ఆవిడను ఏమీ అడగలేదే!"

"లేదు."

"నిన్ను కూడా అడగలేదు."

"లేదు. నువ్వు అడిగేసరికి నా జడలు నెరిసేట్టున్నాయి."

"మరి ఆవిడకెవరు చెప్పారు?"

ఇబ్బంది పడితే తెల్లకోటు కాలరు సర్దుకోవడం అజిలాంగ్‌కు అలవాటు. ఆదివారం కనక కోటు లేదు. గాజులు సర్దుకుంది.

"ఫోన్లో ఒకే ఒక మాటన్నాను. పైన ఒకాయన ఉన్నాడమ్మా అని. మిగతాదంతా అమ్మ తనే అల్లేసుకుంది. మెట్లమీద గోడవైపు తిరిగినప్పుడే నాకు అనుమానమొచ్చింది. కాదేమోనని ఊరుకున్నాను. కాకపోతే సిగ్గు కదా."

"ఎవరికి?"

"నాకు! నీకు దగ్గరి చూపు అస్సలు ఆనదు. సోమవారం దుకాణానికి రా, పరీక్ష చేస్తాను."

టాంకు వెనకనుంచి గొంతు వినిపించింది. "అజిలాంగ్! నన్నిక్కడ ఎండబెట్టారేం? నాకు వేరే పాత్రలో పొయ్యండి."

ఆమె చిన్న కుండలో పోసి తీసుకెళ్ళింది. మిద్దెమీద అందరూ గొట్టాలు వదిలేసి చెవులు నిక్కించారు. పీల్చిన చప్పుడు. మళ్ళీ పీల్చిన చప్పుడు.

"మొలకపిండి తక్కువైందని చెప్పు అతనికి," అంది తల్లి, అతనికి బాగా వినపడేంత గట్టిగా. "నీళ్ళు మరీ అంత మరగనక్కర్లేదు. మళ్ళీ కాచేటప్పుడు నాకు కబురు పెట్టమను. మొలకలు ఊరినుంచి నేనే పంపిస్తాను."

ఒమోడింగ్ దండం పెడదామని టాంకువైపు పరుగెత్తాడు. ఒలుకా అతని చొక్కా పట్టి ఆపాడు.

"ఎక్కడికయ్యా? ఆవిడున్నవైపు నీకింక దారి లేదు. బతికినన్నాళ్ళూ ఇంతే. కూచో, తాగు. కుడిచెయ్యి!"

కూచున్నాడు. కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఊదలేదు. అజిలాంగ్ వచ్చి పక్కన కూచుని తన గొట్టం కుండలో పెట్టింది.

"మరి నీ స్నానాలగదిలో సీసాలు?" అని అడిగింది మెల్లగా.

"పారబోస్తాను."

"ఎందుకు? సింకులోకి పనికొస్తాయి. ఉంచు."

"ఎవరి సింకులోకి?"

ఆమె ఒక గుక్క పీల్చి, మింగి, అప్పుడు చెప్పింది.

"మన సింకులోకి."