విప్పని జామీను

సైదాబీ మనవరాలి బ్యాగు సర్దుతోంది. సర్దుతోంది అనడం కంటే, సర్దినదాన్ని మళ్ళీ తీస్తోంది అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. రెండు జతల బట్టలు పెట్టి ఒక జత తీసింది. కందిపొడి సీసా పెట్టి, మూత బిగిసిందో లేదో చూడాలని బయటికి తీసి, పక్కన పెట్టి మరిచిపోయినట్టు కూర్చుంది. బ్యాగు నిండకపోతే ప్రయాణం మొదలవదు. ప్రత్తిపాడు మీదుగా గుంటూరు వెళ్ళే పొద్దుటి బస్సు దాటిపోతే ఈ పూటకు గండం గడిచినట్టే.

బయట మంచు ఇంకా విడలేదు. పత్తి తీతల రోజులు. ట్రాక్టర్ల మీంచి రాలిన దూది ముళ్ళకంచెలకూ కరెంటు తీగలకూ పట్టుకుని వేలాడుతోంది. ఏది దూదో ఏది మంచో తెలియకుండా ఊరంతా నేలకు జానెడు ఎత్తున తేలుతున్నట్టుంది. ఇలాంటి పొద్దుల్లో సైదాబీకి కలకూ మెలకువకూ నడుమ గడప కనబడదు. గోడకు వేలాడే దూదేకే విల్లు తనంతట తానే తుంయ్ మన్నట్టు వినిపిస్తుంది. ఆ విల్లు భుజాన వేసుకుని ఆమె భర్త ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. దూది పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో చేరమంటే, డబ్బు పెట్టేవాళ్ళెవరు, ఈ పని రోజులు పోనీ చూద్దాం అన్నాడు. పొదిలి వైపు బయల్దేరుతూ, పక్కూరికి పోయినట్టు పోయొస్తాను జామీను ఎందుకే అని చెయ్యి విదిలించుకున్నాడు. అక్కడే ఎవరిదో అరుగు మీద కన్నుమూశాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ప్రయాణమంటే జామీను ఉండాల్సిందే. రూపాయి బిళ్ళను ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఇమామును తలుచుకుని, వెళ్ళేవాళ్ళ కుడి దండకు కట్టాలి. దారిలో వాళ్ళకు ఆయన పూచీ. క్షేమంగా చేరాక ముడి విప్పి, ఆ బిళ్ళను లేనివాళ్ళ చేతిలో పెట్టాలి. అప్పటికి గానీ ప్రయాణం పూర్తయినట్టు కాదు. ఊళ్ళో మిగతావాళ్ళు దూరదేశాలకు కడితే సైదాబీ చిలకలూరిపేటకు కూడా కడుతుంది. కొడుకు మొహిద్దీన్ బాషా తన కారం మరకు బెల్టు తేవడానికి వెళ్ళినా సరే, చొక్కా చెయ్యి పైకి లాగి నిలబడాల్సిందే.

ఆ మాట వల్లే రెండు నెలల కిందట ఆమె ఊరందరికీ నవ్వులపాలైంది. మనవరాలు సిద్దికా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. పిల్లల ఆరోగ్య బీమాకని ఫీజుతో పాటే కట్టించుకున్న సొమ్ము కంపెనీకి చేరలేదని తెలిసి విద్యార్థులు పెద్దాఫీసు మెట్ల మీద బైఠాయించారు. పోలీసులు వచ్చి కొందరిని వ్యానెక్కించి ఒక కల్యాణమండపంలో పెట్టారు. సిద్దికాతో చదివే వాసిం అనే కుర్రాడు ఇంటికి ఫోను చేశాడు. ఫోను సైదాబీ ఎత్తింది. బామ్మగారూ, సిద్దికాకి జామీను కావాలి, పెద్దవాళ్ళెవరైనా రావాలి అన్నాడు.

"పడిపోయిందా? పోతే పోయిందిలే నాయనా, ఏడవొద్దని చెప్పు. ఇంకోటి కట్టి పంపుతా" అంది సైదాబీ.

అన్నట్టే కొత్త గుడ్డలో బిళ్ళ చుట్టి మరకు పంపింది, గుంటూరు వెళ్ళేవాళ్ళెవరి చేతనైనా పిల్లకు అందేలా చూడమని. మొహిద్దీన్ బాషా నవ్వి దాన్ని కాటా పక్కన పెట్టి, ఎండుమిరప ధర మాట్లాడుకుంటూ కూర్చున్నాడు. రెండోసారి ఫోను వచ్చి అసలు సంగతి తెలిసేసరికి చీకటి పడింది. పిల్ల ఆ రాత్రంతా మండపం నేల మీదే పడుకుంది. మర్నాడు తండ్రి వెళ్ళి, సంతకం పెట్టి, జామీనుగా నిలబడి ఇంటికి తెచ్చుకున్నాడు. యూనివర్సిటీకి సెలవులిచ్చేశారు.

ఇప్పుడు మళ్ళీ తెరుస్తున్నారు. అయితే మెట్ల మీద కూర్చున్నవాళ్ళు తల్లినో తండ్రినో వెంటబెట్టుకొచ్చి, ఇక మీదట ఏ ఆందోళనలోనూ ఉండబోమని రాసిస్తేనే హాస్టల్ గది తాళం ఇస్తారట. నెల రోజులుగా ఇంట్లో నడుస్తున్న గొడవ అదే. తండ్రి రాసిమ్మంటాడు. కూతురు రాయనంటుంది. సైదాబీ మాత్రం, రాసినా రాయకపోయినా అసలు వెళ్ళకపోతే బాగుండునని బ్యాగులోంచి బట్టలు తీస్తోంది.

వంటింట్లో కోడలు జానీబీ వరసగా మూడుసార్లు తుమ్మింది. అంటే మొగుడు సందు మలుపు తిరిగాడన్నమాట. కారం మర నడిపే మనిషి రాక ఆ ఇంటికి తుమ్ములతోనే తెలుస్తుంది. మొహిద్దీన్ బాషా వచ్చి, కనుబొమల మీది ఎర్రటి పొడి కండువాతో తుడుచుకుని, కూతురి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఈ రోజు అతను అరవలేదు. అరవకపోవడం చూసే సైదాబీకి భయం వేసింది.

"నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టమ్మా. కాగితమేగా. మనసులో ఏముందో ఎవరడుగుతారు" అన్నాడు.

సిద్దికా తల దించుకుని, రాస్తే క్రిస్టీనా పేరు ఇంకెవరూ ఎత్తరని చెప్పింది. క్రిస్టీనా ఆమె గదిలో ఉండే పిల్ల. చీమకుర్తి దగ్గర గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కూతురు. జ్వరం వచ్చి చనిపోయిందని మాత్రమే ఇంట్లో తెలుసు. అంతకు మించి సిద్దికా చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు.

పోయిన పిల్ల కోసం బతికున్న పిల్ల చదువు పోగొట్టుకుంటుందా అన్నాడు తండ్రి. బీమా లేనివాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు, మనకు మాత్రం ఉందా అన్నాడు. చివరికి గొంతు కాస్త పెరిగింది.

"మీ తాతకుందా ఏ బీమా అయినా?"

"లేదు నాన్నా. అందుకేగా తాత కూడా లేడు."

ఆ మాటకు వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. మొహిద్దీన్ బాషా గోడ మీది విల్లు వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. నీకు పూచీగా సంతకం పెట్టింది నేను, నువ్వు మళ్ళీ వెళ్ళి మెట్ల మీద కూర్చుంటే నా మాటకు విలువేముంది అన్నాడు. కాగితం రాయకపోతే బస్సెక్కేది లేదు అని తేల్చేశాడు.

సైదాబీ కోరుకున్నది అదే. అయినా ఆ మాట విన్నాక ఆమెకు సంతోషం రాలేదు. పిల్ల మొహం తెల్లగా, ఏకిన దూదిలా, పట్టుకుంటే చెదిరిపోయేలా ఉంది. ఆ మొహం చూసి ఆమె కాస్త మాట మార్చాలనుకుంది. వెళ్తుందో లేదో దేవుడెరుగు, జామీను మాత్రం కట్టి ఉంచుతా అంటూ కొంగున ముడేసిన బిళ్ళ తీసింది. ఆకుపచ్చ పేలిక చింపుతూ, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"పోయినసారిది ఎవరికిచ్చావే? పాత ముడి విప్పంది కొత్తది కట్టకూడదు."

ప్రతిసారీ యూనివర్సిటీకి చేరగానే, ఇచ్చేశా నాన్నమ్మా అని ఫోను చేసే పిల్ల. మిలాద్ పండక్కి వచ్చి వెళ్ళాక ఆ ఫోను రాలేదు. సైదాబీ అప్పుడే అడగాల్సింది. ఎందుకో నోరు రాలేదు.

సిద్దికా చేతులు చూసుకుంటూ, ఎక్కడో దూరం నుంచి వినిపించే గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. పరీక్షలయ్యేదాకా ఉంటే మంచిదని జామీను విప్పకుండా చేతికే ఉంచుకుందట. ఆ వారంలోనే క్రిస్టీనాకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు పిల్ల లేవలేకపోయింది. హాస్టల్ ముందుకు ఆటో వచ్చింది. చేతిలో బీమా కార్డు ఉంది కదా అనే ధైర్యంతోనే పెద్ద ఆసుపత్రికి వెళ్దామనుకున్నారు. అయినా క్రిస్టీనా వణుకుతోంటే, సిద్దికా తన దండకున్న ముడి జరిపి ఆమె చేతికి తొడిగింది.

"మా నాన్నమ్మ జామీను గట్టిది, కార్డుకంటే ఇదే ముందు పనిచేస్తుంది అన్నా నాన్నమ్మా. అది నవ్వింది. అంత జ్వరంలోనూ నవ్వింది."

కౌంటరు దగ్గర కార్డు నంబరు కొట్టి చూసి, ఈ ఏడాదికి బీమా లేదు, ముందు డబ్బు కట్టండి అన్నారు. సర్కారు ఇచ్చే వైద్యసాయమూ లేదు. క్రిస్టీనా అన్నకు ఏదో ఆఫీసులో చిన్న ఉద్యోగం వచ్చిందని వాళ్ళ రేషన్ కార్డు తీసేశారు, దాంతో అదీ పోయింది. పిల్లలు జేబులు దులిపారు, ఫోన్లు చేశారు. ఈలోపు అదే ఆటోలో ఊరవతల ధర్మాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడివాళ్ళు బాగానే చూశారు. కానీ రక్తం ఎక్కించేసరికే ఆలస్యమైందన్నారు.

"సాయంత్రానికి వాళ్ళ నాన్న వచ్చాడు. పనిలోంచి అలాగే వచ్చేశాడు, జుట్టునిండా రాతిపొడి. దాని చెయ్యి పట్టుకుని, ఇదేంటమ్మా అనడిగాడు. జామీను బాబాయ్, విప్పేస్తా అన్నా. ఆయన వద్దన్నాడు. అయితే ఉండనీ తల్లీ అన్నాడు. అలాగే తీసుకెళ్ళారు నాన్నమ్మా. విప్పలేదు. ఎవరికీ ఇవ్వలేదు."

వాకిట్లోంచి దూది పింజ ఒకటి తేలుతూ వచ్చి, దారి తెలియనిదానిలా గది మధ్య కాసేపు తిరిగి, తెరిచిన బ్యాగులో వాలింది. సైదాబీ దాన్నే చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ళకు ఒక బస్సు కనిపించింది. మంచులో ఆగి ఉన్న బస్సు. అందులో తనవాళ్ళంతా కిటికీల పక్కన కూర్చుని ఉన్నారు. తనెప్పుడూ చూడని ఒక పిల్ల కూడా, చేతికి ఆకుపచ్చ గుడ్డతో. దిగమని చెప్పేవాళ్ళు లేక దిగడం లేదు.

సైదాబీ లేచింది. మరిచిపోయినట్టు పక్కన పెట్టిన కందిపొడి సీసా తీసి బ్యాగులో పెట్టింది. బట్టల జత పెట్టింది. తువ్వాలు పెట్టింది. కొడుకు ఏదో అనబోతే, అటు తిరక్కుండానే అంది.

"ఒరేయ్ బాషా, జామీను అంటే ఏందిరా?"

పూచీ అన్నాడతను, అర్థంకాక.

"నువ్వు దీనికి పూచీ ఉన్నావు గదా. ఇది పారిపోతే నిన్నడుగుతారు గదా. మరి ఇది ఆ పిల్లకు పూచీ ఉంది. ఆ పిల్ల ఇంకా చేరలేదు. ముడి విప్పలేదు. ఇప్పుడిది కాగితం రాసి తప్పుకుంటే, పారిపోయినట్టు కాదా?"

చదువుకున్న కూతురితో నెల రోజులు వాదించగలిగినవాడు, అరుగు మీద పాత వారపత్రికలు కూడబలుక్కుని చదివే తల్లి మాటకు ఓడిపోయాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కారం కళ్ళలో పడింది అన్నాడు. ఇన్నేళ్ళుగా మర తిప్పుతున్న కళ్ళకు కారం కొత్త కాదని అందరికీ తెలుసు.

సిద్దికా వెళ్ళి తండ్రి మోకాలి మీద తల పెట్టింది. రాయకుండా గది ఎలా ఇస్తారమ్మా అని అతను అడిగాడు. అది ఇందాకటి గొంతు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్న గొంతు. వాసిం వాళ్ళ నాన్నా, ఇంకొందరు తల్లిదండ్రులూ కలిసి వెళ్ళి పెద్దాఫీసరును అడగబోతున్నారని చెప్పింది. పెద్దవాళ్ళు నిలబడితే కాగితం సంగతి తర్వాత చూడొచ్చని వాళ్ళ అంచనా. మొహిద్దీన్ బాషా లేచాడు. భార్యను ఉతికిన చొక్కా తీయమన్నాడు.

"నాకూ కట్టు" అన్నాడు తల్లి దగ్గరికొచ్చి, చెయ్యి పైకి లాగి.

మొహమాటం లేకుండా తనంతట తాను చెయ్యి చాపడం అదే మొదటిసారి. సైదాబీ ఇద్దరికీ కట్టింది. ముడి సరిగా పడక జానీబీ వచ్చి బిగించింది. బిగిస్తూ మళ్ళీ తుమ్మింది. బయల్దేరేటప్పుడు తుమ్మేశావే అని మొగుడన్నాడు. మీ పక్కన నిలబడి తుమ్మకుండా ఎవరుంటారు అందామె. కళ్ళ నీళ్ళతోనే నలుగురూ నవ్వారు. వెళ్ళొస్తా నాన్నమ్మా అంది సిద్దికా. ఆ 'వస్తా' అన్న ముక్క వినబడేదాకా సైదాబీ ఆమె చెయ్యి వదల్లేదు.

పొద్దెక్కింది. మంచు విడిపోయి, పత్తి చేలు తెల్లగా, వాటి పక్కన మిరప తోటలు పచ్చగా, దేనికది వేరుగా కనబడ్డాయి. బస్సు మలుపు తిరిగాక కూడా సైదాబీ రోడ్డు మీదే నిలబడి ఉంది. ఎన్నాళ్ళనుంచో రోడ్డు అంటే తనవాళ్ళను తీసుకుపోయేదనే అనుకుంది. ఒకళ్ళ కోసం ఇంకొకళ్ళు నడిచే దారి కూడా అదేనని ఆ పూటే తోచింది. భయం మాత్రం పోలేదు. భయం అలాగే ఉంది, కానీ దాని పక్కన ఇంకేదో కూడా ఉంది.

సాయంత్రం ఫోను వచ్చింది. ఆఫీసరు కాగితం అడగలేదు, గది ఇచ్చారు, బీమా సంగతి నెలలో తేలుస్తామన్నారు అని చెప్పింది సిద్దికా. బిళ్ళ ఇచ్చేశావా అని సైదాబీ అడిగింది. ఇంకా లేదు నాన్నమ్మా, కార్డులు వచ్చాకే విప్పుతా, అప్పటిదాకా మేం చేరినట్టు కాదు అందా పిల్ల. సైదాబీ కాదనలేదు.

నెల అన్నది మూడు నెలలైంది. కార్డులొచ్చిన రోజున సిద్దికా ఆ ముడి విప్పి, ధర్మాసుపత్రి గేటు దగ్గర కూర్చున్న ఒక ముసలామె చేతిలో బిళ్ళ పెట్టింది. ఎవరి పేరున అని ఆమె అడిగితే, క్రిస్టీనా పేరున అని చెప్పిందట.

మొహిద్దీన్ బాషా బయల్దేరిన రాత్రే తిరిగొచ్చాడు. సిద్దికా రంజాన్ పండక్కి వచ్చింది, సేమ్యా తాగింది, రెండు రోజులుండి మళ్ళీ వెళ్ళింది.

క్రిస్టీనా తిరిగి రాలేదు. ఆమె హాస్టల్ నుంచి వెళ్ళింది సెప్టెంబరు పంతొమ్మిది, శుక్రవారం పొద్దున.